తరుగూ కొసరూ

కొనడానికి వచ్చిన మనిషిని "కొంటావా?" అని అడగకూడదు. "ఎర్రదా, పచ్చదా?" అని అడగాలి. ఖమ్మం బజారులోని మా బట్టల దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. రెండో పాఠం, చీరను బల్ల మీద పరిచి ఎంత పొగిడినా అది సగం బేరమే. మనిషి భుజం మీద వెయ్యాలి. ఒకసారి భుజం మీద పడ్డ చీర మళ్లీ మడతలోకి పోవడం కష్టం. మూడో పాఠం, రంగుకు ఎప్పుడూ గ్యారంటీ ఇవ్వకూడదు. మా తాత సంతలు తిరిగి సంపాదించిన ఈ ఆస్తి మా నాన్నకూ, ఆయన నుంచి మా అన్నలకూ వచ్చింది. దుకాణం అన్నలకు పోయింది. నాకు నోరు మిగిలింది.

ఆ నోరు పెట్టుకుని నేను నర్సునయ్యాను. "ఈ పిల్ల సూది గుచ్చే ముందు కూడా బేరమాడుతుంది" అని మా మేనత్త పెళ్లిళ్లలో అందరికీ చెప్పి నవ్వించేది. అడవి అంచున ఉన్న పట్నంలో, పసిబిడ్డల ప్రత్యేక వార్డులో చేరిన కొన్నాళ్లకే మేనత్త జోస్యం నిజమైంది. నెలలు నిండకుండా, బరువు లేకుండా, ఊపిరి సరిగా అందకుండా పుట్టిన పిల్లలు ఆ వార్డుకు వస్తారు. అక్కడ మందూ మంచం అన్నీ ఉచితమే కాబట్టి డబ్బు బేరం ఉండదు. మేం ఆడే బేరమంతా ఒక్క మాట మీదే: ఇంకొన్నాళ్లు ఉండండి.

ఎండలు ముదిరి, బీడీలకు పోయే తునికాకు కోత మొదలైన రోజుల్లో ఒక పాప మా దగ్గరికి వచ్చింది. పినపాక అవతల, అడవి లోపలి పల్లె వాళ్లది. తల్లికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, నెలలు నిండకపోయినా ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లిని కింది అంతస్తులో పెద్దవాళ్ల వార్డులో పెట్టారు, లేచి కూర్చునే స్థితిలో లేదు. పాపను మాకు ఇచ్చారు. తల నా అరచేతిలో పడుతుంది, కాళ్లు నా మోచేతి దాకా కూడా రావు. చర్మం ఎంత పల్చనంటే లోపల నరాలు నీలం దారాల్లా కనిపిస్తాయి. వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టాం. నోట్లోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశాం. తల్లి పిండి పంపిన నాలుగు చుక్కల ముర్రుపాలను సిరంజిలో పోసి పైకి పట్టుకుంటే, వాటంతటవే కిందికి దిగేవి. ఏడవడానికి కూడా ఆ పాపకు బలం లేదు. నోరు తెరిచేది, చప్పుడు వచ్చేది కాదు.

పాపతో పాటు ఉండడానికి అమ్మమ్మ వచ్చింది. ఎండిన చింతబెత్తంలా ఉండే అవ్వ. చేతులు కడిగించి, గౌను తొడిగి లోపలికి రానిస్తే, కూర్చోమన్నా కూర్చోకుండా వార్మర్ పక్కన నిలబడి మా చేతుల వైపే చూస్తూ ఉండేది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు. మీటరు కొలిచేటప్పుడు మా నాన్న చేతుల వైపు గిరాకీలు చూసే చూపు అది.

రోజూ పొద్దున పిల్లల్ని తూకం వేస్తాం. రెండో పొద్దున పాపను కాంటా మీద పెట్టగానే అవ్వ ముందుకు వంగింది. అక్షరాలు రావు గానీ అంకెలు రాని సంత మనిషి ఉండదు. ఇప్పపువ్వూ చింతపండూ చీపుళ్లూ అమ్మీ అమ్మీ కాంటా అంకెల్ని దూరం నుంచే చదవగలదు.

"ఏందమ్మా ఇది? నిన్నటికంటె తగ్గింది."

"పుట్టిన పిల్లలందరు ముందుగాల కొంచెం తగ్గుతరు అవ్వా. ఒంట్ల నీరు పోతది. మళ్ల పెరుగుతరు."

అవ్వ నా ముఖం వైపు చూసింది. "నీరు పోతదా? ఇప్పపువ్వు తూకం కాడ సావుకారి గూడ గిదే మాటంటడు. ఆరలేదు, నీరున్నది, తరుగు తీస్తున్న అంటడు. పసిగుడ్డు మీద గూడ తరుగు తీస్తున్నరా మీరు?"

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. తడి, దుమ్ము, తాలు అని పేరు పెట్టి తూకంలో కోసే ఆ కోతను తరుగు అంటారని నాకు వేరే చెప్పాలా? కానీ ఆమె హాస్యమాడలేదు. జీవితమంతా కాంటాల దగ్గర మోసపోయిన మనిషి, మనవరాలిని కూడా కాంటా మీద పోగొట్టుకుంటున్నానని నిజంగానే నమ్మింది.

మర్నాడు కొంగులోంచి అర కిలో చక్కెర ప్యాకెట్టు తీసింది. "ముందుగాల దీన్ని పెట్టు" అంది. కాంటా మీద వేరే గుడ్డ వేసి, ప్యాకెట్టును స్పిరిటుతో తుడిచి పెట్టాను. అర కిలో పైన ఒకటి రెండు గ్రాములు చూపించింది. 

"కవరు బరువు గూడ దాచలేదు. కాంట మంచిదే" అంది అవ్వ. నేను ఊపిరి పీల్చుకునే లోపలే, "అయితే తప్పు చేతులదే" అని నా చేతుల వైపు చూసింది.

ఆ తర్వాత పాపను పెడితే అంకె మళ్లీ తగ్గి ఉంది.

అవ్వ చక్కెరను కొంగులో ముడివేసుకుని చెప్పింది. "సంత నాటికి మా అల్లుడు ఆటో తెస్తడు. తల్లిని, పిల్లను తీస్కపోతం. అక్కడ తునికాకు కల్లం తెరిచిన్రు, కట్టలు కొంటున్నరు. ఆకు మనకోసం ఆగుతదా? ఇంటిల్లిపాది అడివిల ఉన్నరు, నేను గీడ గోడలు చూసుకుంట నిలబడ్డ."

"తీస్కపోతే పాప బతకదు అవ్వా."

"ఈడ ఉంటె బతుకుతదా? గట్టిగ చెప్పు."

అంత చిన్న బిడ్డల విషయంలో ఎవరూ చెప్పలేరు. ఆమె గొంతు మెత్తబడింది. "పోయేదైతే మా గుడిసెల పోతది బిడ్డా. మా మట్టిల ఉంటది. ఈ తీగల నడుమ ఎందుకు?"

ఎవరినీ బలవంతంగా ఆపలేం. కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లిపోతే మేం తలుపు దాకా వెళ్లి చూడడమే. అలా వెళ్లిపోయిన పిల్లలు నాకు గుర్తున్నారు. అందుకే కంగారులో మూడో పాఠం మరిచిపోయాను.

"సంత నాటికి తరుగు పూడ్చి చూపిస్త" అన్నాను. "పుట్టిననాటి బరువు కనపడకపోతే తీస్కపో. నేను అడ్డం రాను."

"మాటేనా?"

"మాటే."

మధ్యాహ్నానికి ఆ సంగతి పిల్లల డాక్టరు గారి చెవిన పడింది. "సిస్టర్, బరువుకు గ్యారంటీ కార్డు ఇచ్చారట?" అన్నారు.

"నోరు జారింది సార్."

"జారింది మీ నోరు. పెరగాల్సింది మాత్రం ఆ పాప." కాసేపు ఛార్టు తిరగేసి, "ఆక్సిజన్ కొంచెం తగ్గించగలిగాం. ఇక రొమ్ము మీద కట్టడం మొదలుపెట్టండి. తల్లి లేవలేదు కాబట్టి అమ్మమ్మకే కట్టండి" అన్నారు.

రొమ్ము మీద కట్టడం అంటే పాపను బట్టల్లేకుండా, టోపీ, గుడ్డతో మాత్రమే, మనిషి ఒంటికి ఆనించి కట్టడం. ఆ వెచ్చదనానికీ గుండె చప్పుడుకూ పిల్ల కుదుట పడుతుంది. ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి ఖర్చయ్యే బలమంతా బరువు కింద మిగులుతుంది. నా దృష్టిలో అది రెండో పాఠం: చీరను భుజం మీద వెయ్యడం.

కానీ అవ్వ కూర్చుంటేనా! కుర్చీ వేస్తే, "వద్దు. సావుకారి కాడ కూసుంటె కొన్నట్టే" అంది. పాపను ఎత్తుకోమంటే, "నా చెయ్యి మొరటుది, ఒళ్లు కందుతది" అంది. పనిలేని అత్తగారిలా నేను ఏ దారిలో వెళ్లినా అటు అడ్డం నిలబడింది.

ఆ సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేశాను. "అబ్బాజీ, మెత్తటి మల్లు గుడ్డ రెండు ముక్కలు బస్సులో పంపు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది."

"ఎవరికి బేటీ?"

"గట్టి గిరాకీ తగిలింది."

ఆయన నవ్వాడు. "గట్టి గిరాకీకి రంగు ముందు చూపించకు. గుడ్డ ముందు చేతికియ్యి. చేతికి నచ్చాక కళ్లు వాటంతటవే ఒప్పుకుంటాయి."

గుడ్డలు వచ్చాయి. ఉతికి, ఆరేసి, ఆస్పత్రి ఆవిరి యంత్రంలో శుభ్రం చేయించి తెచ్చి అవ్వ ముందు పెట్టాను. పెట్టి, నా పాఠం అప్పగించాను. "అవ్వా, పాపను ఎర్రదాంట్ల కడుదమా, పచ్చదాంట్ల కడుదమా?"

అవ్వ గుడ్డ వైపు చూసింది. నా వైపు చూసింది. "నువ్వు ఎవలింటి పిల్లవు?"

"ఖమ్మంల బట్టల సాయిబు బిడ్డను."

"గట్ల చెప్పు మరి! మొన్నటి సంది అనుకుంటున్న, ఇవి నర్సమ్మ మాటలు గావు అని." పచ్చ గుడ్డ అంచును బొటనవేలితో రుద్దింది. వెలుతురుకు పట్టి నేత చూసింది. "రంగు పోతదా?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఈసారి ఆపుకున్నాను. "చెప్పలేను అవ్వా. నాలుగుమార్లు ఉతికితెనే తెలుస్తది."

అవ్వ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది, పళ్లు లేని చోట కాస్త ఎక్కువగా. "ఇప్పుడు నిజం చెప్పినవ్. పచ్చది కట్టు." అని కుర్చీలో కూర్చుంది. ఎర్రదాన్ని కూడా మడిచి ఒళ్లో పెట్టుకుంది. కొననిదాన్ని ఎందుకు దాచుకుందో అడగలేదు. బేరం కుదిరిన చోట ఎక్కువ మాట్లాడకూడదన్నది నాలుగో పాఠం.

ఆమె రవిక ముడి విప్పించి, పాపను రొమ్ముల మధ్య కప్పపిల్లలా నిలువుగా ఆనించి, ముఖం ఒక పక్కకు తిప్పి, పచ్చ గుడ్డతో బిగించి కట్టాను. ఆక్సిజన్ గొట్టాన్ని సర్దాను. అవ్వ రెండు చేతులూ గాలిలోనే ఉన్నాయి, ముట్టుకోవడానికి భయపడుతూ. పక్కన మానిటరు మీద ఒంట్లోని ఆక్సిజన్ అంకె కాసేపు ఊగిసలాడి, మెల్లగా పైకి లేచి నిలబడింది. అంకెలు చదివే మనిషి కదా, చూసింది. చేతులు కిందికి దిగి పాప వీపు మీద నిలిచాయి.

కాసేపటికే గొణుగుడు మొదలైంది. "ఇంక ఎంతసేపు? చేతులు ఖాళీగున్నయి. తునికాకు నాడు గిట్ల కూసుంటె ఊరోళ్లు నవ్వరా?"

పుండ్లకు కట్టే పల్చటి గాజ్ గుడ్డను మేమే ముక్కలుగా కత్తిరించి, మడిచి, ఆ తర్వాత ఆవిరి యంత్రానికి పంపుతాం. ఎప్పుడూ పూర్తికాని పని అది. ఒక గుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టాను. ఒక్కసారి మడత చూపించాను, అంతే. పాపకు తగలకుండా చేతులు చాచి, ఒక అంచు మీద ఒక అంచు వేసి, తునికాకు లెక్కన యాభైకొక కట్ట కట్టి, దారంతో ముడివేసి పక్కన పేర్చసాగింది. సాయంత్రం గాజ్ తీసుకుపోవడానికి వచ్చిన మా పెద్ద సిస్టర్ ఆ కట్టల్ని చూసి, "ఏ కల్లం నుంచి వచ్చినయి ఇవి?" అంది. అప్పటి నుంచి అవ్వ కుర్చీ ఉన్న మూలకు కల్లం అనే పేరు స్థిరపడింది.

ఒక విషయం ఆమెకు ముందే నేర్పాను. నెలలు నిండని పిల్లలు మధ్య మధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. అప్పుడు అరికాలు మీటాలి, వీపు రాయాలి. గుర్తు రాగానే మళ్లీ తీసుకుంటారు. "ఊపిరి గూడ మర్శిపోతరా ఎవలన్న?" అని అవ్వ అప్పుడు నన్ను నమ్మలేదు.

సంతకు ముందు రోజు పొద్దెక్కాక, నేను ఇంకో బిడ్డకు సెలైన్ సూది పెడుతుండగా కల్లం మూల నుంచి మానిటరు కూత వినపడింది. చేతిలో ఉన్న సూదిని వదల్లేను. తల తిప్పి చూస్తే పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. నేను అరవక ముందే అవ్వ చేతిలో గాజ్ కింద పడింది. పచ్చ గుడ్డ కిందికి చెయ్యి దూర్చి పాప అరికాలిని బొటనవేలితో మీటింది. ఏమీ కాలేదు. మళ్లీ మీటింది, రెండో చేత్తో వీపు మీద కింది నుంచి పైకి రాసింది. నేను సూదికి పట్టీ వేసి పరుగెత్తుకొచ్చేసరికి పాప ఒళ్లు ఒక్కసారి జలదరించింది. ఛాతీ లేచింది. నీలం పోయి ఎరుపు వచ్చింది. మానిటరు కూత ఆపింది.

అవ్వ చేతులు మాత్రం ఆగలేదు, పాప వీపు రాస్తూనే ఉన్నాయి. నేను పాపను పరీక్షించి, డాక్టరు గారిని పిలిచి, అంతా సర్దుకున్నాక ఆమె తల వంచి, తెలుగు వదిలి తన గూడెం భాషలో పాపతో చాలాసేపు మాట్లాడింది. నాకు ఆ భాష రాదు. తిట్లని మాత్రం అర్థమైంది. ఒక అమ్మమ్మ మాత్రమే తిట్టగల తిట్లు.

సంత రోజు పొద్దున్నే అల్లుడు ఆటోతో వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పాపను కాంటా మీద పెట్టాను. డాక్టరు గారు, పెద్ద సిస్టర్, అటుపక్క తల్లులు, అందరూ అంకె వైపే చూస్తున్నారు. నిన్నటికంటే ఎక్కువే ఉంది. కానీ పుట్టిన బరువుకు ఇంకా కొంచెం తక్కువ.

"పూడలేదు" అంది అవ్వ.

"పూడలేదు అవ్వా."

"మాట తప్పినవ్."

"తప్పిన."

చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. తగ్గడం ఆగింది, పెరగడం మొదలైంది, ఇప్పుడు తీసుకుపోతే ఇంతవరకూ చేసిందంతా మట్టిపాలు. అన్నీ వరుసలో పెట్టుకుని నోరు తెరిచాను. అవ్వ చెయ్యి ఎత్తింది.

"సావుకారి బిడ్డవు గదా. మీ దుకాణంల మాట తప్పితె ఏం జేస్తరు?"

సరుకు వాపసు తీసుకుంటాం, అన్నది నిజమైన జవాబు. దాన్ని మింగేశాను. "కొసరు ఇస్తం" అన్నాను. తూకం అయ్యాక పైన వేసే పిడికెడు.

"అట్లయితే ఇను. ముందుగాల తరుగు పూడ్చు. ఆటెన్క పైన కొసరెయ్యి. కొసరు నా కండ్లకు కనబడేదాంక ఈన్నించి కదిలేది లేదు. నన్ను ఎల్లగొట్టినా పోను." అని అల్లుడి వైపు తిరిగింది. "నువ్వు పోవయ్యా. ఆకు ఆగదు."

"ఆటో తెచ్చిన గదత్తా!"

"తెస్తివి గద, సంతకు పో దాంట్లనే. నాకు తమలపాకులు కొనుక్కరా."

అతను నోరు తెరిచి నా వైపు చూశాడు. నేనూ నోరు తెరిచే ఉన్నాను. అవ్వ కుర్చీలో కూర్చుని, పచ్చ గుడ్డ సవరించుకుని, "ఏందట్ల చూస్తవ్, పిల్లకు సలి పెడ్తది, తే" అంది. పాపను ఆమె రొమ్ము మీద కడుతుండగా నాకు వెలిగింది. ఈ మనిషి ఉండిపోవాలని నిన్నే నిర్ణయించుకుంది. నేను కాళ్లు పట్టుకుని ఇవ్వాలనుకున్నదాన్ని నా చేత జరిమానాగా కట్టించుకుంది. మూడు తరాల వ్యాపారం ఒక కుర్చీ ముందు ఓడిపోయింది. మెట్ల దగ్గరికి వెళ్లి మా నాన్నకు ఫోన్ చేసి, "అబ్బాజీ, ఓడిపోయిన" అని చెప్పి ఏడ్చినంత పనిచేసి నవ్వాను. ఆయన సంగతంతా విని, "ఆమెను మన దుకాణంలో కూర్చోబెడదామా?" అన్నాడు.

ఆ తర్వాత తరుగు పూడింది. అంకె పుట్టిన బరువును దాటిన పొద్దున అవ్వ వార్డులో ఉన్న ప్రతి తల్లినీ చెయ్యి పట్టుకుని తెచ్చి కాంటా చూపించింది. తమ పిల్లల బరువు ఇంకా తగ్గుతున్న తల్లులకు నేను చెప్పాల్సిన మాటలు ఆమే చెప్పేది. "నీరు పోతది బిడ్డా. భయపడకు. మళ్ల అస్తది. వీళ్లు తరుగు తీసేటోళ్లు కాదు, నేను కాంట చూసిన." నా మాట కంటే ఆమె మాటే బాగా చెల్లింది.

తల్లి కోలుకుని, ఒకరోజు చక్రాల కుర్చీలో పైకి వచ్చింది. బిడ్డను అప్పటిదాకా ఫోన్‌లో ఫొటోగానే చూసింది. అవ్వ తన ఒంటి మీది ముడి విప్పి, ఒళ్లో దాచిన ఎర్ర గుడ్డ తీసింది. "ఇది నీకోసం ఉంచిన" అంది కూతురితో. ఆ గుడ్డతో పాపను తల్లి రొమ్ముకు కట్టింది నేను కాదు, అవ్వే. గట్టిగా, సరిగ్గా, పాప ముక్కు మూసుకోకుండా. తల్లి ఏడ్చింది. పాప ఏడవలేదు, వెతుక్కుంది. తలను అటూ ఇటూ తిప్పి, నోటితో తడిమి, చివరికి పట్టుకుంది. ఇంకా చప్పరించే బలం పూర్తిగా లేదు. కానీ ఆ పట్టు చూసి డాక్టరు గారు, "ఈ పార్టీ గొట్టం పీకించుకుని పోతుంది" అన్నారు.

అలాగే పోయింది. మొదట ఆక్సిజన్ పోయింది, తర్వాత గొట్టం పోయింది. ఇంటికి పంపే రోజు చివరి తూకం వేశాం. అంకె చూసి, "కొసరు సరిపోయిందా అవ్వా?" అని అడిగాను.

అవ్వ చాలాసేపు ఆలోచించింది, నన్ను ఉడికించడానికి. "ఉన్నదిలే" అంది. కొంగు ముడి విప్పి, కాంటాకు పరీక్ష పెట్టిన చక్కెర ప్యాకెట్టును చింపింది. వరండాలో నిలబడి వార్డు వాళ్లందరి అరచేతుల్లో చిటికెడు చిటికెడు పోసింది. డాక్టరు గారికి రెండు చిటికెలు పడ్డాయి. నాకు పిడికెడు పోసింది.

వానలు వెనకబట్టాక పాపను చూపించడానికి తీసుకొచ్చారు. ఓపీ గది కిటకిటలాడుతోంది. తల్లి వెనకే ఉంది. అవ్వ మాత్రం జనాన్ని తోసుకుంటూ వచ్చి, నమస్కారం కూడా చెప్పకుండా పిల్లను తెచ్చి నా భుజం మీద వేసింది. మెడ నిలబడింది, బుగ్గలు జారుతున్నాయి, పిడికిలిలో నా గుర్తింపు కార్డు తాడు చిక్కింది.

"కాంట లేకుంట చెప్పు సావుకారి బిడ్డా. ఎంతుంటది?"

చేతులతో ఎత్తి, దించి, మా నాన్న చీరల మూటను అంచనా వేసినట్టు వేసి ఒక అంకె చెప్పాను. పిల్లను కాంటా మీద పెట్టాం. నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువ చూపించింది.

అవ్వ గది అంతా వినపడేలా అరిచింది. "చూసిన్రా! ఇంకా తరుగు తీసే చెప్తున్నది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులకు పిల్ల ఉలిక్కిపడి, నోరు తెరిచి, గది గోడలు అదిరేలా ఏడ్చింది. ఒకప్పుడు చప్పుడు రాని నోరు అది. ఎవరూ ఊరుకోబెట్టలేదు. అవ్వా నేనూ కాంటాకు చెరో పక్కన నిలబడి, ఆ ఏడుపు తనంతట తాను ఆగేదాకా విన్నాం.